తాడుపై నడక – బిగువులోని బలములు

రెండు కత్తెరకర్రల నడుమ మోకు బిగించి, చేత వెదురుగడ పట్టి, డోలు దెబ్బకు తగినట్లు అడుగులు వేయు దొమ్మరవారి విద్య తెలుగునాట నిన్న మొన్నటిది కాదు. 1909లో వెలువడిన దక్షిణభారత కులముల గ్రంథమున ఎడ్గార్ థర్‌స్టన్ వీరిని సాము చేయువారిగా, గారడీలు చూపువారిగా వర్ణించెను. కార్వేటినగరము వంటి పాత సంస్థానపు ఊళ్ళలో గడనెక్కుట, తాడుపై నడచుట అనిన పెద్దలకు వేరుగ వివరింప నక్కరలేదు. ఆ విద్య నానాటికి అరుదగుచుండగా, దానికి దూరపు చుట్టమైన క్రీడ యొకటి లోకమున వ్యాపించుచున్నది. 1970ల చివర, 1980ల ఆరంభమున ఆడమ్ గ్రొసోవ్‌స్కీ, జెఫ్ ఎల్లింగ్టన్ అను అమెరికా యువకులు కొండలెక్కుటకు వాడు నైలాను పట్టీని రెండు ఆధారముల నడుమ కట్టి దానిపై నడచిరి. అదియే నేడు స్లాక్‌లైన్ అను పేరుతో ప్రసిద్ధమైనది. సర్కసులోని ఉక్కుతీగ కదలక నిలుచును. ఈ పట్టీ సాగును, ఊగును. ఆటలు వేరైనను వానిని నడపు సూత్రము ఒక్కటే.

అరువది కిలోల మనిషి తాడు నడుమ నిలిచినపుడు తాడుపై పడు లాగుడు ఎంత? అరువది కిలోలే యని పలువురు తలంతురు. అది సరికాదు. ఇంటి పనిలోనే దీనికి ఋజువు కలదు. ఇద్దరు ఒక తాడు చెరియొక కొన పట్టుకొని, నడుమ నిండు బిందెను వ్రేలాడదీసి మోయుదురనుకొందము. ఇద్దరును దగ్గరగా నున్నంతసేపు చెరిసగము బరువే తెలియును. ఎడముగా జరిగి, తాడును చదునుగా లాగబోయినకొలది చేతులు పీకుకొని పోవును. ఎంతటి బలాఢ్యులైనను, నడుమ బిందె యుండగా తాడును పూర్తిగా చదును చేయజాలరు.

కారణ మిది. తాడు తన పొడవు దిశనే లాగగలదు గాని, నిట్టనిలువుగా పైకెత్తలేదు. నడుమనున్న బరువును మోయుటకు తాడు కొంత వంగి, తన లాగుడులో కొద్ది భాగమును పైదిశకు మరల్చుకొనవలెను. వంపు తక్కువైనచో ఆ భాగము స్వల్పమగును. కావున మొత్తపు లాగుడు మిక్కిలి పెరుగవలసి వచ్చును. ఈ లాగుడునే శాస్త్రజ్ఞులు తన్యత యందురు.

దీనిని లెక్కించుట సులభము. మనిషి నడుమ నిలిచినపుడు తాడు ఎంత దిగినదో కొలువవలెను. మనిషి బరువును తాడు పొడవుచే గుణించి, వంపునకు నాలుగు రెట్లచే భాగించినచో లాగుడు దాదాపు సరిగా తెలియును. ఇరువది మీటర్ల తాడుపై 60 కిలోల మనిషి నిలిచినాడనుకొందము. వంపు 2 మీటర్లైన లాగుడు 150 కిలోలు. 1 మీటరైన 300. అర మీటరైన 600. 20 సెంటీమీటర్లే యైన 1500 కిలోలు. మనిషి బరువు మారలేదు, బిగువే మారినది. అతడు ఎగిరి దిగినచో ఈ అంకెలన్నియు ఇంకను పెరుగును. అందుచేతనే విద్యుత్తీగలను స్తంభముల నడుమ కొంత వ్రేలునట్లు కట్టుదురు. తాడు బిగువుగా నున్న భద్రమను భావము ప్రమాదకరమైన భ్రమ.

ఇక ఆధారముల సంగతి. దొమ్మరవారి ఏర్పాటులో మోకు కత్తెరకర్రల మీదినుండి దిగి, నేలలో పాతిన మేకునకు చేరును. కత్తెర రెండు మీటర్ల ఎత్తున నిలువుగా నున్నదనియు, నడుమ తాటి లాగుడు 300 కిలోలనియు అనుకొందము. మేకు కత్తెరకు రెండు మీటర్ల దూరముననే యున్నచో దానిని నేలనుండి పైకి పెరుకు బలము 300 కిలోలు. నాలుగు మీటర్ల దూరమున పాతినచో 150. ఆరు మీటర్లైన 100. మేకు ఎంత దూరముగా నున్న అంత నిలుకడ యని దీని సారము. వానకు నానిన నేలలోను, ఇసుకనేలలోను మేకు పట్టు సడలును గనుక అచట మరింత జాగ్రత్త అవసరము.

స్లాక్‌లైన్ కట్టువారు సాధారణముగా చెట్లను ఆశ్రయింతురు. దిట్టమైన బ్రతికిన మాను, ముదిరిన చింతయో వేపయో, తగిన ఆధారము. మునగవంటి పెళుసు చెట్టు, పుచ్చిన మాను, లేత మామిడి పనికిరావు. బెరడు నలుగకుండ మందపు గుడ్డయో గోనెయో చుట్టి, దానిపై వెడల్పాటి పట్టీ వేయవలెను. చెట్టు పోషణమంతయు బెరడు క్రిందనే సాగును. సన్నని తాడు దానిని కోసినచో చెట్టు క్షీణించును. కట్టు వీలైనంత మొదలికి దగ్గరగా నుండవలెను. పైకి పోయినకొలది మాను వంగును.

పురాతన మండపముల స్తంభములకు మాత్రము ఎన్నడును కట్టరాదు. కార్వేటినగరమున స్కందపుష్కరిణి, వేణుగోపాలస్వామి ఆలయము ఉన్నవి. ఇట్టి ఊళ్ళలో రాతిస్తంభము చూచినవానికి ఏనుగునైనను కట్టవచ్చు ననిపించును. కాని పాత మండపములలో పెక్కు స్తంభములు పైకప్పు భారముచేతనే నిలిచియుండును. అవి నిలువు బరువును ఎంతయైనను మోయును గాని, ప్రక్కకు లాగు బలమునకు తట్టుకొనవు. నాలుగు వందల కిలోల అడ్డపు లాగుడు ఆటకై పుట్టించి, శతాబ్దముల శిల్పమును, దాని క్రింద నిలిచిన ప్రాణములను పణముగా పెట్టుట తగదు. ఇటుకగోడకును, కటకటాలకును, నిలిపిన బండికిని ఇదే నిషేధము వర్తించును.

తాటి విషయమునను కొన్ని నియమములు కలవు. ముడి వేసినచోట పట్టీ తన బలములో మూడవవంతునుండి సగము వరకు కోల్పోవచ్చును; కావున ముడులకు బదులు అందులకై చేసిన బిగింపులనే వాడవలెను. నైలాను ఎండకు క్రమముగా చివుకును, తడిసిన బలము తగ్గును. మన సీమ ఎండలో నెలల తరబడి కట్టియుంచిన పట్టీ పైకి క్రొత్తదివలె కనబడినను లోన డస్సియుండును. అంచు చిరిగినను, రంగు వెలిసి గరుకెక్కినను దానిని విడనాడవలెను. పట్టీపై గుర్తించిన తెగుబలమును చూచి, లెక్కకు వచ్చిన లాగుడుకంటె అది పలు రెట్లుండునట్లు ఎంచుకొనవలెను.

బిగించిన పట్టీ వంచిన విల్లు వంటిది. లోన శక్తి దాగియుండును. ఒక కొన తెగినచో ఆ శక్తి యంతయు క్షణములో వెడలి, ఇనుపకొక్కెమును రాయివలె విసరును. అందుచే బిగించునపుడును, ఆడునపుడును ప్రేక్షకులను తాటి వరుసలో నిలువనీయరాదు, ప్రక్కకే నిలుపవలెను. బిగింపు యంత్రమును ఆధారమునకు వేరొక తాటితో కూడ కట్టినచో, అది విడివడినను ఎగిరిపోదు. క్రొత్తవారికి పది మీటర్లలోపు తాడు, మోకాలెత్తు, క్రింద గడ్డియో ఇసుకయో చాలును. నడిమిన నిలిచినపుడు పాదము నేలకు తగులకుండుట చూచుకొనవలెను. అంతకు మించిన ఎత్తులు శిక్షణ పొందినవారి పని. వారును సాధారణముగా నడుమునకు భద్రతాతాడు లేక నడువరు.

ఇక ఒక్క మాట. ఒకప్పుడు ఈ తాళ్ళపై నడచినవారిలో పసివారు ఎక్కువ. వారి బరువు తక్కువ గనుక తాడు నిలిచినది. కాని పడినపుడు వారి ఎముకలకు ఆ లెక్క వర్తింపలేదు. సర్కసులలో బాలల నియామకమును నిషేధింపవలెనని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించినది. వీధిలోని బిడ్డకు కూడ ఆ రక్షణయే న్యాయము. తాడుపై నడచువాని నేర్పును మెచ్చుకొనుటకు ముందు, ఆ తాడు ఎచట కట్టబడినదో, ఎంత వంగినదో, క్రింద ఏమున్నదో చూచు ప్రేక్షకుడే నిజమైన రసికుడు.