చెత్త బుట్ట నిండి పొర్లుతోందా? ఇలా చేయండి

స్వర్ణాంధ్ర – స్వచ్ఛాంధ్ర: ఇంటింటి చెత్త సేకరణపై లబ్ధిదారులకు వివరాలు

మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర దినంగా పాటిస్తున్నాం. వీధులు ఊడుస్తున్నాం, కాలువల్లో పూడిక తీస్తున్నాం. అయినా చాలా ఇళ్ల ముందు ఒక సమస్య అలాగే ఉంది. బుట్ట నిండిపోతుంది, మూత పడదు, రాత్రికి కుక్కలు లాగేస్తాయి, తెల్లారేసరికి చెత్తంతా కాలువలో ఉంటుంది. "ఇంకో పెద్ద బుట్ట ఇవ్వండి" అని చాలామంది అడుగుతుంటారు. నిజానికి చాలా ఇళ్లలో బుట్ట చిన్నది కావడం కాదు, అన్నీ ఒకే బుట్టలో వేయడమే ఇబ్బంది.

అసలు ఎందుకు పొర్లుతుంది?

మామూలుగా ఇంటి చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, పూలు. ఇది ఒక్క రోజుకే కుళ్లి వాసన వస్తుంది. పొడి చెత్త అలా కాదు. అట్టపెట్టెలు, సీసాలు, కవర్లు బరువు తక్కువే గానీ చోటు ఎక్కువ తీసుకుంటాయి. శుభ్రంగా ఉంటే పది రోజులైనా ఇంట్లో ఉంచుకోవచ్చు. రెండూ కలిపేస్తే పొడి చెత్త కూడా తడిసి పాడవుతుంది. అప్పుడు బండి ఒక్క రోజు రాకపోయినా మొత్తం బుట్ట సమస్యే.

ఏ బుట్టలో ఏది వేయాలి?

ఆకుపచ్చ బుట్ట: తడి చెత్త. ప్లాస్టిక్ కవర్‌లో కట్టి వేయకండి. అడుగున పాత న్యూస్ పేపర్ పరిస్తే చాలు.

నీలం బుట్ట: పొడి చెత్త. పాల ప్యాకెట్లు ఒకసారి కడిగి ఆరబెట్టండి. సీసాలు నొక్కి, అట్టపెట్టెలు విప్పి మడిచి వేయండి. ఇలా చేస్తే అదే బుట్టలో చాలా ఎక్కువ పడుతుంది.

ఎర్ర బుట్ట: ప్రమాదకరమైనవి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపర్‌లో చుట్టి వేయాలి. బ్లేడ్లు, పగిలిన గాజు, సూదులు పాత డబ్బాలో పెట్టి మూత బిగించి విడిగా ఇవ్వాలి. బండి మీద చెత్త వేరు చేసేది మనలాంటి మనిషే. కవర్‌లో దాగిన ఒక్క గాజు ముక్క ఆ చేతిని కోస్తే, గాయం మానేదాకా కూలి పోతుంది.

మూడు బుట్టలు లేని ఇంటివారు పాత బకెట్లు, సంచులు వాడుకోవచ్చు. రంగు ముఖ్యం కాదు, వేరుగా పెట్టడం ముఖ్యం.

తడి చెత్త ఇంట్లోనే తగ్గించుకోండి

పెరడు లేకపోయినా పర్వాలేదు, ఒక పాత బకెట్ చాలు.

1. బకెట్ అడుగున, పక్కల చిన్న రంధ్రాలు పెట్టండి. కింద ఒక పళ్లెం ఉంచండి.
2. అడుగున ఎండుటాకులు లేదా కొబ్బరి పీచు వేయండి.
3. రోజూ తొక్కలు వేసి, పైన ఎండుటాకులు గానీ మట్టి గానీ కప్పండి.
4. వారానికోసారి కలిపి, కొంచెం పుల్ల మజ్జిగ చల్లండి.

రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు కలపండి. మాంసం, చేపల వ్యర్థాలు, నూనె కూరలు ఇందులో వేయకండి.

ఎక్కువమంది అడిగే ప్రశ్నలు

బండి రెండు రోజులుగా రాలేదు. ఏం చేయాలి?
పొడి చెత్త సంచిలో కట్టి లోపల పెట్టండి. తడి చెత్త మీద గుప్పెడు పొడి మట్టి చల్లి మూత పెట్టండి. పట్టణంలో అయితే వార్డు శానిటేషన్ సెక్రటరీకి, పల్లెలో పంచాయతీ కార్యాలయంలో చెప్పండి. ఏ తేదీ నుంచి రాలేదో రాసుకోండి, ఫొటో తీసుకోండి. అయినా పని జరగకపోతే 1100కి ఫోన్ చేయండి, లేదా సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రసీదు తప్పక తీసుకోండి.

ఫిర్యాదు చేస్తే మా పింఛను ఆగిపోతుందా?
ఆగదు. పింఛనుకు, రేషన్‌కు, చెత్త ఫిర్యాదుకు ఏ సంబంధమూ లేదు. ఎవరైనా అలా బెదిరిస్తే ఆ మాట కూడా అర్జీలో రాయండి.

చెత్త పన్ను కట్టాలా?
పట్టణాల్లో వసూలు చేసిన చెత్త పన్ను 2024 డిసెంబరు 31 నుంచి రద్దయింది.

పండగ, ఫంక్షన్ ఉంటే?
100 మందికి మించి వచ్చే కార్యక్రమమైతే కనీసం మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి చెప్పాలి. విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు అక్కడే వేరు చేయించండి.

మిగిలింది తగలబెట్టేస్తే పోదా?
వద్దండీ. ప్లాస్టిక్ పొగ ముందు మన ఇంట్లో పసిపిల్లలకు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లకే తగులుతుంది. బయట చెత్త కాల్చడం నిబంధనలకు విరుద్ధం కూడా.

వానాకాలంలో మరింత జాగ్రత్త

కొబ్బరి బోండాలు, టీ కప్పులు, పాత టైర్లలో నిలిచిన కొద్ది నీళ్లు డెంగీ దోమకు చాలు. వారం, పది రోజుల్లోనే గుడ్డు దోమగా మారుతుంది. అందుకే వారానికి ఒక రోజు డ్రై డే పాటించి, ఇంటి చుట్టూ నీళ్లు నిలిచినవన్నీ బోర్లించండి. కాలువలో వేసిన కవరు మొదటి పెద్ద వానకు మన గుమ్మంలోకే తిరిగొస్తుంది.

ఈ రోజే మొదలుపెట్టాల్సింది ఒక్కటే: తడి ఒక చోట, పొడి ఒక చోట. చదవడం రాని ఇరుగుపొరుగువారికి ఈ పీడీఎఫ్ చదివి వినిపించండి.