తుఫాను బలపడుటకు కారణములేవి?

అక్టోబరు, నవంబరు మాసములలో వరినారు పోసుకొను వేళకే నెల్లూరు తీరమునకు తుఫాను భయము వచ్చును. బంగాళాఖాతములో వాయుగుండము ఏర్పడినదని వినిన మైపాడు రైతుకు కలుగు సందేహము ఒక్కటే: ఇది బలపడునా, నీరసించునా? దీనిని ముఖ్యముగా నిర్ణయించునవి రెండు: సముద్రపు వేడి, పైగాలి.

సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడిగా నుండి, ఆ వేడి 50 మీటర్ల లోతు వరకు ఉన్నచో తుఫానుకు మేత దొరకినట్లే. నీరు ఆవిరియై పైకి లేచి మేఘమగునప్పుడు తనలో దాగిన వేడిని విడుచును. దానితో గాలి వేడెక్కి మరింత పైకి లేచును. క్రింద పీడనము తగ్గును. చుట్టునున్న గాలి సుడి తిరుగుచు అచటికి వచ్చును. గాలి హెచ్చినకొలది ఆవిరియు హెచ్చును. అయితే ఆ గాలియే సముద్రమును చిలికి, అడుగునున్న చల్లని నీటిని పైకి తెచ్చును. ఒకేచోట నిలిచిన తుఫాను ఇట్లు తన పొయ్యిని తానే ఆర్పుకొనును.

ఇక పైగాలి సంగతి. గాలి లేనప్పుడు ఇటుకబట్టీ పొగ నిటారుగా లేచును. గాలి వీచినచో వంగి చెదరిపోవును. తుఫాను మేఘములును అట్టివే. క్రిందిగాలికిని ఎత్తున వీచు గాలికిని వేగములోను, దిక్కులోను భేదము ఎక్కువైనచో తుఫాను చెదరును. జూలై, ఆగస్టులలో సముద్రము వేడిగానున్నను పెద్ద తుఫానులు అరుదగుటకు ఇదియే ముఖ్య కారణము.

1989 నవంబరు 4న థాయిలాండును దాటిన 'గే' తుఫాను నేలపై కొంత నీరసించినది. కాని బంగాళాఖాతములో తిరిగి బలపడి, మైపాడుకు ఉత్తరముననున్న కావలి వద్ద గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలులతో తీరము దాటినది. 2013 నవంబరులో 'లెహర్' అతి తీవ్ర తుఫానైనను, సముద్రపు వేడి తగ్గుటచేతను, పైగాలుల భేదముచేతను, పొడిగాలిచేతను క్షీణించి, 28న మచిలీపట్నము దాపున వాయుగుండముగా మాత్రమే తీరము చేరినది.

కావున మొదటి వార్త విని భయపడరాదు. నిన్నటి వార్త విని నిశ్చింతగా నుండరాదు. వాతావరణ శాఖ ప్రతి ప్రకటనను చివరిదాక వినవలెను. గ్రామాధికారులు దానిని వెంటనే చాటించవలెను. హెచ్చరిక వచ్చినచో ఎరువు చల్లుట ఆపి, నారుమళ్ల నీరు పోవుటకు గండ్లు తీసి, విత్తనములను, పశువులను మెరకకు చేర్చవలెను. తుఫాను నీరసించినచో ఈ శ్రమ ఒక్కపూట పని. బలపడినచో అదే ఏడాది పంటను కాపాడును.