రాక్‌లో కొత్త పుస్తకాలు: ఎవరికి ఏది?

మన వాచనాలయంలోకి ఈసారి కొన్ని పుస్తకాలు చేరినయి. కథలు, నవలలు కావు. నిజంగా జరిగిన సంగతులు, నిజంగా బతికిన మనుషుల మాటలు. కొత్తవి అంటే నిన్న మొన్న అచ్చయినవే అనుకోవద్దు, కొన్ని పాతవే, మన రాక్‌కు కొత్త. వాచనాలయం చూసుకునే పిలగాడు "మామా, నువ్వు దినాం వస్తవు గద, ఎవరు ఏది చదవాల్నో జర రాసియ్యి" అన్నడు. నేను నాలుగో తరగతి దాక చదువుకున్నోణ్ణి. స్పిన్నింగ్ ఖాతాలో పని అయిపోయిన తర్వాతనే పుస్తకాలు పట్టిన. పండితుల లెక్క చెప్పుడు నాకు రాదు. చదివితే ఎట్ల అనిపించిందో అట్లనే రాస్తున్న.

ఒక సంగతి ముందే చెప్పాలె. రిజిస్టర్ తిరగేస్తే తెలుగు పుస్తకాలు ఇంటికి తీసుకపోయేటోళ్లు అందరూ మా వయసోళ్లే. మన పిల్లలకు తెలుగు మాట వస్తది, అక్షరం రాదు. ఎవరూ తియ్యని పుస్తకాలకు అంత జాగ ఎందుకు, ఆ రాక్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు పెడదాం అని కమిటీలో మాట వచ్చింది. తప్పు మాట కాదు అది, పిల్లలకు నౌకరీలు కావాలె. కాని ఈ పుస్తకాలు మూటగట్టి మూలకు పడేసేముందు వాటిల్ల ఏమున్నదో ఒక్కసారి చూసి అప్పుడు మాట్లాడుదాం.

ముందుగా తీసుకోవాల్సింది "మా నాయన బాలయ్య". రాసింది వై.బి. సత్యనారాయణ గారు. మొదట ఇంగ్లీషులో 2011లో వచ్చింది. తెలుగు చేసింది పి. సత్యవతి గారు. ఇది కరీంనగర్ దిక్కు నుంచి కదిలిన ఒక మాదిగ కుటుంబం కథ. మనలో సగం మంది తాతలు ఆ దిక్కునుంచి వచ్చినోళ్లే కాబట్టి ఊళ్ల పేర్లు చదువుతుంటేనే ఇల్లు గుర్తొస్తది. ముత్తాతకు నిజాం 50 ఎకరాల భూమి ఇస్తడు. అంటరానోనికి అంత భూమేందని దొర దాన్ని నిలవనియ్యడు, ఆఖరుకు మిగిలేది రెండెకరాలు. తర్వాతి తరం ఊరు విడిచి రైల్వేలో పడుతది. బాలయ్య చిన్న నౌకరి చేసుకుంట, రైల్వే క్వార్టర్లల్ల ఉండుకుంట పిల్లలను చదివిస్తడు. అందులో ఒకడు కెమిస్ట్రీ ప్రొఫెసరు అయిండు, ఆయనే ఈ పుస్తకం రాసిండు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఏందంటే, తండ్రిని దేవుణ్ణి చెయ్యలేదు. బాలయ్య కొడుతడు, అరుస్తడు, ఇంట్ల అందరినీ గడగడలాడిస్తడు. చదువు విషయంల మాత్రం ఒక్క మెట్టు దిగడు. పాళీ దిగి ఇంటికొచ్చి దీపం కింద పిల్లలను కూసోబెట్టిన తండ్రులు మన చాళ్లల్ల కూడ ఉండిరి. ఇంకో మాట. రైలుకు, మిల్లుకు కులం లేదంటరు గని నీళ్ల కుండ కాడికి పోతే కనబడుతుండె. మన మిల్లుల సంగతి కూడ అంతే గద. ఈ మాట మనలో మనం ఎక్కువ అనుకోం. పుస్తకం అనిపిస్తది.

ఆడవాళ్లకు రెండు పుస్తకాలు చెప్తున్న. మగోళ్లు చదవొద్దని కాదు. ఒకటి "నా మాటే తుపాకీ తూటా", మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ. నల్లగొండ జిల్లాలో భూస్వాముల ఇంట్ల పుట్టి, వెట్టి చేసేటోళ్ల పక్కన నిలబడ్డది. సాయుధ పోరాటంల ఆమె తల మీద 10,000 రూపాయల వెల కట్టిన్రు. 2022 మార్చిలో పోయింది. ఆమె నోటితో చెప్పింది రాసిన్రు కాబట్టి చదువుతుంటే ఎదురుంగ కూసోని మాట్లాడినట్టే ఉంటది. చదువురానోళ్లకు చదివి వినిపించడానికి ఇంతకన్న మంచిది లేదు. బీడీలు చుట్టుకుంట వినొచ్చు. రెండోది "మనకు తెలియని మన చరిత్ర", 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు తెచ్చింది. అదే పోరాటంల ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరు తమ తమ మాటల్ల చెప్పుకున్నది. పోరాటం అయిపోయినంక మళ్ల వంటింట్లకే పొమ్మన్నరని వాళ్లు చెప్పే కాడ చదువుడు ఆపి జరసేపు కూసున్న. యూనియన్ల పనిచేసిన మన అక్కలు కూడ ఈ మాట అంటుండె.

ఇప్పుడు మరాఠీ పుస్తకం. కుంభారిలో బీడీ కార్మికుల ఇండ్ల కాలనీ మన షోలాపూర్‌లో తెల్వనోళ్లు లేరు. 10,000 ఇండ్లు, 2006లో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ వచ్చి అప్పజెప్పిన ఇండ్లు. మన వదినలు, అక్కలు, కోడండ్లు ఎంతమంది అక్కడ ఉంటున్నరో లెక్కలేదు. ఆ కాలనీ పేరు గోదూతాయి. ఆ గోదూతాయి ఎవరని అక్కడి పిల్లలను అడిగి చూడండ్రి. గోదావరీ పరుళేకర్. పుణె పెద్దింటి బిడ్డ, మహారాష్ట్రలో లా చదివిన మొదటి ఆడబిడ్డ అంటరు. ఆమె రాసిన పుస్తకం "జేవ్హా మాణూస్ జాగా హోతో". మనిషి మేల్కొన్నప్పుడు అని అర్థం. 1970లో వచ్చింది, 1972లో సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చిన్రు.

ఠాణే జిల్లాలో వార్లీ ఆదివాసుల సంగతి అందులో ఉన్నది. పెండ్లి ఖర్చుకు అప్పు తీసుకున్నోడు, పెండ్లాంతో సహా జమీందారు కాడ ఏండ్లకేండ్లు కట్టుబానిస. "లగ్నగడీ" అంటరు. గోదూతాయి, ఆమె భర్త శామరావు 1945లో వాళ్లతోని కలిసి వెట్టి ఆపిచ్చిన్రు. అడవుల్ల నడుసుకుంట, వాళ్ల గుడిసెల్ల పండుకుంట. వాళ్ల భయం ఎట్ల పోయిందో మెల్లమెల్లగ చెప్తది, అదే ఈ పుస్తకంల గొప్ప. మన తాతలు తెలంగాణ విడిచింది మగ్గం నడవకనే కాదు, కరువు, వెట్టి రెండూ తరిమినయి. అందుకే ఠాణే అడవి కథ మనకు పరాయిగ అనిపియ్యదు. తెలుగు రానోళ్లు, మరాఠీ బడికి పోయిన పిల్లలు ఇది తీసుకోండ్రి. పెద్దోళ్లకు చదివి చెప్పండ్రి.

ఇంగ్లీష్ వచ్చిన కాలేజీ పిల్లలకు పి. సాయినాథ్ రాసిన "ది లాస్ట్ హీరోస్", 2022లో వచ్చింది. పేరు లేని స్వాతంత్ర్య సమరయోధులను ఊళ్లకు పోయి కలిసి రాసిండు. మల్లు స్వరాజ్యం ఇందులో కూడ ఉన్నది. సాతారా దిక్కు తూఫాన్ సేన కెప్టెన్ భావు ఉన్నడు. 1943 జూన్ 7న శేణోళి కాడ తెల్లోళ్ల పగార్లు మోసుకపోయే రైలును ఆపిన దండు అది. మనం చార్ హుతాత్మా చౌక్ పక్కపొంటి దినాం పోతం, 1931 జనవరి 12న ఉరితీసిన ఆ నలుగురి పేర్లు అడిగితే ఎంతమంది చెప్తరు? మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా. అప్పుడు షోలాపూర్ వీధుల్లకు వచ్చినోళ్లల్ల మిల్లు కార్మికులు ఎంతోమంది ఉన్నరు.

మిల్లు గురించే కావాలన్నోళ్లకు "కథా ముంబైచ్యా గిరణగావచీ". మీనా మేనన్, నీరా ఆడార్కర్ రాసిన్రు. ఇంగ్లీషులో 2004లో వచ్చింది, మన కాడ ఉన్నది మరాఠీది. లావు పుస్తకం, భయపడొద్దు. ఎక్కడ తెరిచినా ఒక మనిషి మాట్లాడుతుంటడు: సాంచాలు నడిపినోడు, ఖానావళి నడిపిన ఆడమనిషి, షాహిరు, యూనియన్ లీడరు. లాల్‌బాగ్, పరేల్ చాళ్లల్ల ఒక్క ఖోలీల పాళీ ప్రకారం పండుకున్న ముచ్చట మనకు కొత్త కాదు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె కాడికి వచ్చేసరికి ఎవరి మాట వారిది. దత్తా సామంత్‌ను దేవుడన్నోడు ఉన్నడు, ముంచిండన్నోడు ఉన్నడు. రెండు మాటలూ పక్కపక్కన అచ్చేసిన్రు, ఇది నాకు నచ్చింది. రెండున్నర లక్షల మంది సమ్మె అది. ముంబైల మన తెలుగోళ్లు కూడ అందులో ఉండిరి. నాకు తెలిసినోళ్లల్ల ఇద్దరు ఆ దెబ్బకు ఈడికే వచ్చి పవర్‌లూమ్ మీద రోజుకూలికి నిలబడ్డరు. మన ఊళ్ల జూనీ మిల్లు 1877ల మొదలైంది. దాని మీద ఇట్ల పదిమంది నోటి మాటలతోని పుస్తకం ఉంటే ఎంత బాగుండె అనుకున్న. చెప్పగలిగేటోళ్లు ఏటేటా తగ్గుతున్నరు.

చివరిది ఇంట్ల ఉండాల్సిన పుస్తకం, "వైద్యుడు లేని చోట". డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో కొండల్ల పల్లెటూరోళ్ల కోసం మొదట స్పానిష్‌లో రాసిండు. బొమ్మలు ఎక్కువ. ప్రతిదానికి సూది, సెలైన్ అడగొద్దని, ఏ జబ్బుకు వెంటనే దవాఖానకు పోవాల్నో విడమరిచి చెప్తది. కాని మందుల పేర్లు, మోతాదులు పాతబడ్డయి, వాటిని చూసి సొంతంగ మింగొద్దు. దగ్గు వారాల తరబడి ఉంటే పుస్తకం పక్కన పెట్టి సివిల్ దవాఖానకు పోండ్రి. బ్లో రూమ్‌ల, కార్డింగ్‌ల పనిచేసినోళ్లకు సోమవారం నాడు ఛాతీ బిగబట్టినట్టు అయ్యేది గుర్తున్నదా? దూది దుమ్ముతోని వచ్చే ఆ జబ్బుకు బిసినోసిస్ అని పేరు. పనివల్ల వచ్చే జబ్బుల లిస్టుల చట్టంలనే ఉన్నది. ఏ ఖాతాలో ఎన్నేండ్లు చేసిన్రో డాక్టర్‌కు తప్పక చెప్పండ్రి.

పుస్తకం ఇంటికి 15 రోజులు ఇస్తరు. వాచనాలయంల కూసోనే చదివేటోళ్లు కూడ రిజిస్టర్‌ల పేరు, పుస్తకం పేరు రాయించండ్రి. కమిటీ మీటింగ్‌ల చూసేది ఆ రిజిస్టరే. బీడీ కార్ఖానా దగ్గర్నో, వాడకట్టుల్నో నలుగురు కూసుంటే వచ్చి చదవడానికి నేను తయారున్న. ఆదివారం మధ్యాహ్నం అయితే మంచిది. కండ్లద్దాలు మాత్రం మార్పించుకోవాలె.