చెప్పుకు స్టీరింగు, వంకాయకు ఇంజను

మామిడి కోతలు మొదలయ్యాయంటే రెడ్డిగూడెం రోడ్ల మీద ఖాళీ జాగా దొరకదు. మైలవరం, విస్సన్నపేట, నూజివీడు వైపుల నుంచి వచ్చిన ట్రాలీ ఆటోలు, పికప్ వ్యాన్లు, ట్రాక్టర్లు, లారీలు తోటల ముందు బారులు తీరతాయి. చిక్కం గెడతో దింపిన బంగినపల్లి, రసాలు, కలెక్టర్ కాయ ట్రేలకెక్కి, ఎండ తగ్గాక నున్న మార్కెట్ దారి పడుతుంది. అందరి చూపూ కాయ మీదే ఉంటుంది కానీ, ఆ బండ్లను కూడా ఒకసారి నిలబడి చూడాలి. కంపెనీ గేటు దాటి వచ్చినప్పటి రూపంలో ఉన్నది ఒక్కటి కనిపించడం కష్టం. ఒకదానికి పక్క రేకుల మీద ఇనప చువ్వలతో మరో రెండడుగులు లేపి కట్టారు, ఇంకో వరస ట్రేలు పట్టేందుకు. మరోదానికి అడుగున చెక్కలు పరిచారు, ఎండకు కాగిన రేకు వేడి కాయకు తగలకుండా. ముందు అద్దం పైన అమ్మవారి పేరు, వెనక పిల్లల పేర్లు, బంపరుకు నల్లతాడు, నిమ్మకాయలు. కొన్నవాడి అవసరం, ఇష్టం, భక్తి అన్నీ ఆ రేకు మీదే కనిపిస్తాయి.

లారీ సంగతి ఇంకా చిత్రం. దశాబ్దాల పాటు మన దగ్గర లారీ కొనడమంటే ఛాసీ కొనడమే. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మీద ఇంజను, గేరుబాక్సు, కింద కమాన్ పట్టీలు, చక్రాలు, పైకి లేచిన ఒక స్టీరింగు. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు, పైకప్పూ తలుపులూ లేని ఆ అస్థిపంజరాన్ని ఎండలో, దుమ్ములో వందల కిలోమీటర్లు తోలుకొచ్చేవాడు. విజయవాడ తూర్పు అంచున ఉన్న జవహర్ ఆటోనగర్‌లో ఏదో ఒక షెడ్డుకు అది చేరేది. అక్కడ వడ్రంగి, వెల్డరు, టింకరింగ్ మేస్త్రీ, కరెంటు పనివాడు, సీట్లు కుట్టేవాడు, చివర్లో పెయింటరు తలో చెయ్యి వేస్తేనే అది లారీ అయ్యేది. ఇసుక మోసేదానికి ఒక బాడీ, ధాన్యానికి ఒకటి, పశువులకు ఒకటి, కాయకు ఒకటి. 'బాడీ కట్టించడం' అన్న మాట ఇల్లు కట్టించడం అన్నంత బరువుగా పలికే కుటుంబాలు ఇప్పటికీ మన జిల్లాలో ఉన్నాయి. బండి పుట్టేది ఒకచోట, దానికి ఒళ్లూ ముఖమూ వచ్చేది మరోచోట. ఈ రెండో పుట్టుక గురించే ఈ కథనం.

ఆ పుట్టుకను చూడాలంటే హైదరాబాదు పాతబస్తీ పక్కన బహదూర్‌పురా వెళ్లాలి. నెహ్రూ జంతు ప్రదర్శనశాల దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉంది. కన్యాబోయిన సుధాకర్ బడికెళ్లే వయసులోనే పాత సామాన్లతో సైకిళ్లు, బండ్లు కట్టడం మొదలుపెట్టారు. ఆ సరదా ముదిరి పెరిగిపెరిగి షెడ్డు పట్టనంత అయ్యాక, 2010లో దాన్ని ప్రదర్శనశాలగా జనానికి తెరిచారు. లోపలున్నవన్నీ చేత్తో చేసినవి. పాత ఇనుము, పాత విడిభాగాలు ముడిసరుకు. ఒక్కో బండి పక్కన ఒక బోర్డు ఉంటుంది. చెయ్యడానికి ఎంత కాలం పట్టింది, ఎంత వేగం పోతుంది అని దాని మీద రాసి ఉంటుంది. ఈ రెండో వివరాన్ని చాలామంది చదవకుండా దాటిపోతారు. దాటకూడదు. ఇవి నిలబెట్టి ఫొటోలు తీసుకునే బొమ్మలు కావని, ఇంజనుతో నడిచే బండ్లని ఆ అంకె చెబుతోంది.

లోపలికి అడుగుపెడితే ముందు నవ్వొస్తుంది. వంకాయ కారు, హాంబర్గర్ కారు, కప్పూ సాసరు కారు, సోఫా కారు, కంప్యూటర్ కారు, కెమెరా కారు, హెల్మెట్ కారు, మంచం కారు. పెన్ను, పెన్సిలు, రబ్బరు, షార్ప్‌నరు కూడా కార్లే. ఆడవాళ్ల ఎత్తుమడమ చెప్పు, చేతిసంచి, లిప్‌స్టిక్ ఒక వరస. స్నూకర్ బల్ల, ఫుట్‌బాల్, క్రికెట్ బంతి మరో వరస. పిల్లలు అరుస్తూ ఒకదాని నుంచి ఇంకోదానికి పరుగెడతారు. పెద్దవాళ్లలో బండి పని తెలిసినవారు మాత్రం వంగి కిందికి చూస్తారు. నిలబడి చూడాల్సిన వింతంతా అక్కడే ఉంది.

బంతినే తీసుకోండి. బంతికి ముందు, వెనక అంటూ ఉండవు. కారుకు ఉండి తీరాలి. డ్రైవరు కూర్చోవాలి, అతని కాళ్లకు బ్రేకు అందాలి, కళ్లకు రోడ్డు కనపడాలి, ఇంజను వేడి బయటికి పోవాలి. గుండ్రని చిప్పలో తలుపు కోస్తే ఆ చిప్ప బలం తగ్గుతుంది. కొయ్యకపోతే మనిషి ఎక్కలేడు. ముందు చక్రాలు స్టీరింగుతో పాటు పక్కకు తిరగడానికి లోపల జాగా కావాలి, ఆ జాగా కోసం బయటి గుండ్రనం చెడకూడదు. స్నూకర్ బల్ల దీనికంటే సులువు, నలుపలకల ఆకారం కాబట్టి. పెన్నూ పెన్సిలూ మళ్లీ కష్టం. బండి ఎంత పొడవైతే, ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఎడం ఎంత పెరిగితే, మలుపుకు అంత చోటు కావాలి. తోట బాటలో పొడుగు లారీని వెనక్కి తిప్పిన డ్రైవరును అడిగితే ఈ లెక్క విడమరిచి చెబుతాడు. ఎత్తుమడమ చెప్పులో బరువంతా ఒక పక్కకే ఒరగకుండా చూసుకోవాలి. కంపెనీలో అయితే ఈ ప్రశ్నలకు ఒక్కోదానికి ఒక్కో విభాగం ఉంటుంది. ఇక్కడ ప్రతి కొత్త ఆకారానికీ అన్ని ప్రశ్నలూ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. నిన్నటి వంకాయకు దొరికిన జవాబు ఇవాళ్టి కెమెరాకు పనికిరాదు.

ఈ ఆకారాలు ఊరికే తోచినవీ కావు. చాలావాటి వెనక ఒక సందర్భం ఉంది. చెప్పు, చేతిసంచి, లిప్‌స్టిక్ మహిళా దినోత్సవం కోసం పుట్టాయి. పెన్సిలు, రబ్బరు పిల్లల కోసం. పొగతాగడం మాన్పించేందుకు సిగరెట్ ఆకారపు బండి, ఎయిడ్స్ మీద అవగాహన కోసం నిరోధ్ ఆకారపు బైకు చేశారు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, ముళ్లు లేచిన వైరస్ రూపంలో ఆరు చక్రాల కారు తయారు చేశారు. దానిలో ఉన్నది 100 సీసీ ఇంజను, కూర్చునేది ఒక్క మనిషి. ఇంట్లో ఉండండని చెప్పే ఉపన్యాసం కన్నా ఆ కారును చూసి ఆగిన కళ్లే ఎక్కువ ఉంటాయని నా నమ్మకం.

చిన్నదనంలోనూ పెద్దదనంలోనూ ఈ మ్యూజియం కొలతలు వింతగొలుపుతాయి. ఇక్కడి అతిచిన్న మోటారు సైకిలు ఎత్తు 33 సెంటీమీటర్లు, అంటే అడుగు మీద ఒక అంగుళం. దాని మీద మనిషి కూర్చుని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. రెండో చివర, 26 అడుగుల ఎత్తున పాతకాలపు ఫోర్డ్ టూరర్ నమూనా నిలబడి ఉంటుంది. దాని పక్కన నిలబడితే మన తల చక్రం దాటదు.

అన్నిటికన్నా పేరు తెచ్చింది మూడు చక్రాల సైకిలు. 2005 జులై 1న సుధాకర్ దాన్ని హైదరాబాదు వీధిలో స్వయంగా తొక్కి చూపించారు. ప్రపంచంలోనే అతిపెద్ద ట్రైసికిల్‌గా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, పొడవు 37 అడుగుల 4 అంగుళాలు, చక్రం అడ్డుకొలత 17 అడుగులు. రెడ్డిగూడెం తోటల్లో తాతల నాటి మామిడి చెట్టు చిటారుకొమ్మ ఎంత ఎత్తుంటుందో ఆ సైకిలు అంత ఉంటుంది. ఆ 17 అడుగుల చక్రం లెక్క వేసి చూడండి. ఒక్క చుట్టు తిరిగితే బండి 53 అడుగులు ముందుకు జరుగుతుంది. మామూలు 28 అంగుళాల సైకిలు చక్రం ఒక చుట్టుకు ఏడడుగులు దాటి కొంచెం పోతుంది. అంత చక్రాన్ని కదల్చడమే ఒక ఎత్తు, కదిలాక ఆపడం మరో ఎత్తు. నాలుగంతస్తుల ఎత్తులో గాలి తోస్తుంటే పడిపోకుండా నిలబడడం అన్నిటినీ మించినది.

మ్యూజియం నుంచి చార్మినార్ వైపు కొద్ది కిలోమీటర్లు వెళ్తే చౌమహల్లా ప్యాలెస్. అక్కడ అద్దం వెనక ఒక పసుపుపచ్చ కారు ఉంది, 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు, కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కొలువుకు చేరింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, పైన గుమ్మటం లాంటి కప్పు. ఊరేగింపులకే వాడారు కాబట్టి అది తిరిగిన దూరం నాలుగు వందల మైళ్లు కూడా లేదు. దీన్ని రాచరికపు ఆడంబరంగా చూసి వచ్చేస్తారు చాలామంది. నాకు మాత్రం దాని ముందు ఆటోనగర్ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ అమ్మింది ఛాసీ, ఇంజను మాత్రమే. బాడీ కట్టడం వేరే వారి పని. ఈ కారుకు ఒళ్లు కట్టింది లండన్‌లో గుర్రపు బగ్గీలు చేస్తూ ఎదిగిన బార్కర్ సంస్థ. నిజాంకు సింహాసనం కావాలి, కట్టారు. మన మామిడి వ్యాపారికి ఇంకో వరస ట్రేలు కావాలి, కడుతున్నారు. పని తీరు ఒకటే.

ఇప్పటి కార్ల కథ దీనికి పూర్తిగా ఎదురు. అది చూడాలంటే పెనుకొండ వెళ్లాలి. ఒకప్పుడు విజయనగర రాజులు ఏలిన కోట కింద, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కియా ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది, 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. 2023 జులై నాటికి పది లక్షలవ కారు బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. ఏడాదిలో మూడు వందల పనిదినాలు వేసుకుంటే రోజుకు వెయ్యి, అంటే రేయింబవళ్లు కలిపి ఒకటిన్నర నిమిషం తిరక్కముందే ఒక కొత్త కారు. రేకును అచ్చుల్లో నొక్కడం, రోబో చేతులతో వెల్డింగు, రంగు, బిగింపు అన్నీ ఆ ఆవరణలోనే. వెయ్యి కార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండటమే అక్కడి ఘనత. బహదూర్‌పురాలో ఘనత ఇంకోటి. అక్కడ చేసిన కారుకు రెండో ప్రతి ఉండదు.

పందెపు కార్లు ఈ రెంటికీ మధ్య నిలుస్తాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద దేశంలో తొలి ఫార్ములా ఈ పందెం జరిగింది. ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ ఎలక్ట్రిక్ కార్లకు ఛాసీ, బ్యాటరీ అన్ని జట్లకూ ఒకటే ఇస్తారు. వెనక మోటారు, దాన్ని నడిపే అమరిక తయారీ కంపెనీలు వేటికవి చేసుకుంటాయి. గంటకు 320 కిలోమీటర్లకు రూపొందించిన బండ్లలో కూడా గెలుపోటములు తేల్చేవాటిలో ఒకటి, ఒకే ఛాసీ మీద ఎవరి చెయ్యి ఏం చేసిందన్నదే.

రోడ్డు మీద తిరిగే బండికి మాత్రం ఇంత స్వేచ్ఛ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మూలస్వరూపాన్ని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. లారీల్లోనూ మార్పు వస్తోంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలి. తలకు తువ్వాలు చుట్టుకుని ఛాసీ తోలిన తరానికి ఇది ఎప్పుడో రావాల్సిన మేలు. క్యాబిన్ కంపెనీలోనే తయారై వచ్చేకొద్దీ ఆటోనగర్ మేస్త్రీ చేతికి మిగిలే పని వెనక బాడీదే. ఆ చేతుల్లోని నేర్పును ఎవరైనా కూర్చుని రాసిపెట్టాలి, కొలతలతో సహా. సుధాకర్ తన పనికి బోర్డులు పెట్టారు. షెడ్డులో బాడీ కట్టిన మేస్త్రీకి ఏ బోర్డూ లేదు.

రెడ్డిగూడెం వాళ్లకు దారి సులువే. మైలవరం మీదుగా జాతీయ రహదారి 30 పట్టుకుంటే కొండపల్లి దాటి ఇబ్రహీంపట్నం వస్తుంది, అక్కడ 65వ నంబరు రహదారి ఎక్కితే నందిగామ, కోదాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాదు. బస్సులో వెళ్లేవారు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి సిటీ బస్సో ఆటోనో పట్టుకుని జూ పార్కు అని చెబితే చాలు, మ్యూజియం అక్కడికి దగ్గరే. పిల్లలతో వెళ్తే జంతు ప్రదర్శనశాల, చౌమహల్లా కూడా అదే రోజు చుట్టి రావచ్చు. చౌమహల్లాకు శుక్రవారం సెలవు, జూకు సోమవారం సెలవు. ఆదివారం జూ దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి, వేసవి సెలవుల్లో అయితే మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి చూసుకుని పొద్దున్నే మ్యూజియంతో మొదలుపెట్టడం మంచిది.