పదిమంది యంత్రం

మా పొన్నూరులో పిండిమర దగ్గర నిలబడనివాళ్ళు వుండరు. కారం ఆడే మర వేరు, బియ్యప్పిండి ఆడే మర వేరు. కారం ఆడిన మరలో పొరపాటున బియ్యం పోశారో, ఆ పండక్కి అరిసెలు కన్నీళ్ళతో తినవలసిందే! మర ఆడించే మనిషి ఎవరికీ ఉపన్యాసం ఇవ్వడు. కారం డబ్బాలను మాత్రం ఇటువైపు రానివ్వడు. నానో ఫాబ్రికేషన్ ప్రయోగశాల ఎలా నడుస్తుందని అడిగే మిత్రులకు నేను ముందుగా ఆ మరనే గుర్తు చేస్తాను.

నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. అంత సూక్ష్మమైన పనిని సిలికాన్ పలకపై చేయాలంటే దుమ్మే మొదటి శత్రువు. 'క్లాసు 100' గదిలో ఘనపుటడుగు గాలికి అర మైక్రాను, అంతకు పెద్దవైన రేణువులు నూటికి మించరాదు. మామూలు గదిలో అవి లక్షల్లో వుంటాయి. అందుకే తల నుంచి పాదాల దాకా ముసుగు తొడుక్కుని లోపలికి పోవాలి. మన ఒంటి నుంచి, బట్టల నుంచి రాలే దుమ్మే ఎక్కువ మరి!

ఇటువంటి గదినీ, యంత్రాలనూ ప్రతి కళాశాలా సమకూర్చుకోగలదా? అది జరిగే పని కాదు. అందుకనే కేంద్ర ప్రభుత్వ సహాయంతో 2008లో ఇండియన్ నానో ఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రాం మొదలై, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, బొంబాయి ఐ.ఐ.టి.లలోని ప్రయోగశాలల తలుపులు బయటివారికి తెరిచింది. 2020 జనవరిలో ప్రారంభమైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో, దేశంలో ఏ పరికరం ఎక్కడ వుందో మనవూళ్ళో కూర్చునే చూసుకోవచ్చు.

తలుపు తెరుచుకోవడం సగం మాటే. లోపల మన నడవడి మిగతా సగం.

బంగారం సంగతే చూడండి. ఇంట్లో అది లక్ష్మి, ఫర్నేసులో శని! సిలికాన్‌పై ఆక్సైడు పెంచే ఫర్నేసు సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. బంగారు పూత వున్న పలక ఒక్కసారి అందులోకి పోతే, ఆ పరమాణువులు క్వార్ట్జు గొట్టానికి అంటుకుని, తర్వాత వచ్చేవారి పలకల్లోకి చొరబడి, వాటి విద్యుత్ గుణాన్ని చెడగొడతాయి. కంటికేమీ కనిపించదు. అందుకే ఏ లోహానికి ఏ యంత్రమో ముందే నిర్ణయించి పెడతారు. మన కారం మర న్యాయమే అన్నమాట.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. స్పిన్ కోటర్ అనే యంత్రం పలకను వాక్యూమ్‌తో పట్టి వుంచి, నిమిషానికి నాలుగువేల చుట్లు తిప్పుతుంది. పలకపై వేసిన ఫోటోరెసిస్ట్ అనే ద్రవం పల్చని పొరగా పరుచుకుంటుంది. నేను పరిశోధన చేసే రోజుల్లో ఒక సాయంత్రం ఆ ద్రవం కొంచెం పలక కిందికి జారి వాక్యూమ్ రంధ్రంలోకి పోయింది. పైపైన తుడిచేసి, లాగ్ బుక్కులో 'అంతా సవ్యం' అని రాసి, బస్సు వేళకు బయటపడ్డాను. మర్నాటికి రంధ్రం పూడుకుపోయింది. పట్టు చాలక తోటి విద్యార్థి పలక ఎగిరి ముక్కలైంది. దాని వెనక అతనిది మూడు నెలల పని.

నేనే వెళ్ళి ఒప్పుకున్నాను. ఇన్‌చార్జి గారు కేకలెయ్యలేదు. "ద్రవం ఒలికితే యంత్రం ఆగేది ఒక్క పూటయ్యా. నువ్వు రాయనందుకు పోయింది మూడు నెలలు" అన్నారు. ఆ మాట యిప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే వుంది.

పంపు నూనె నల్లబడితే, పాదరసపు దీపం గంటలు నిండితే, నీటి శుద్ధి తగ్గితే, అది ముందుగా చూసిన మనిషి రాయాలి. రాయకపోతే తర్వాతి మనిషికి తెలిసే దారేది? పదిమందిలో పాము చావదంటారు. ఎవరికి వారు 'యింకొకరు చెబుతారులే' అనుకుంటే యంత్రం మాత్రం చస్తుంది.

మిత్రులారా! మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని ట్రావెలింగ్ మైక్రోస్కోపు కూడా పదిమందిదే. దాని స్క్రూ మీ చేతిలో వదులైతే సిగ్గుపడకండి. చెప్పి వెళ్ళండి. రేపు దాని ముందు కూర్చునేవాడు మీ తమ్ముడే కావచ్చు.