డయలు మీది రాతలు

ఒకప్పుడు పెళ్ళికొడుకు అలిగాడంటే అది చేతిగడియారం కోసమో, సైకిలు కోసమో అయి వుండేది. ఆనాడు అల్లుళ్ళకు పెట్టిన వాచీలు ఇప్పుడు కొన్ని బీరువా అరల్లో వున్నాయి, కొన్ని బజారు కెక్కాయి. చేతిలో ఫోను వున్న కుర్రవాళ్ళకు టైము చూసుకోవడానికి వాచీ అక్కర్లేదు. అందుకే కాబోలు, తాతల నాటి కీ ఇచ్చే వాచీల మీద వాళ్ళకు కొత్తగా మోజు పుట్టింది. బొంబాయి చోర్‌బజారులోనూ, ఇంటర్నెట్ అంగళ్ళలోనూ వీటి బేరాలు జోరుగానే సాగుతున్నాయి.

కొనేవారు ముందు కంపెనీ పేరు చూస్తారు. తరువాత చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందో లేదో వింటారు. డయలు మీద, ముఖ్యంగా ఆరు అంకె కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందో చదివేవారు అరుదు. చదివినా, అర్థం కాని గుర్తు కనబడితే అదేదో అలంకారమనుకుని వదిలేస్తారు. అమ్మేవాడు చెప్పే కథ నిజమా కాదా తేల్చేది సాధారణంగా ఆ గుర్తే.

ఆరు కింద మామూలుగా 'స్విస్' అనో, 'స్విస్ మేడ్' అనో వుంటుంది. దానికి ఇటొకటి అటొకటి 'టి' అనే ఇంగ్లీషు అక్షరం వుంటే అది యజమాని పొడి అక్షరం కాదు, కంపెనీ ముద్రా కాదు. చీకట్లో వెలగడానికి అంకెలకూ ముళ్ళకూ పూసిన మందులో ట్రిటియం వున్నదని చెప్పే గుర్తు. కొన్ని వాచీల మీద 'టి' పక్కన 25 అంకె కూడా వుంటుంది. ట్రిటియం మోతాదు 25 మిల్లీక్యూరీలకు లోపే అని దాని భావం. ఈ గుర్తులు 1960ల నుంచి 1990ల చివరిదాకా తయారైన డయళ్ళ మీద కనిపిస్తాయి.

ఇప్పుడు ఒక వర్తకుడు 'ఇది 1940 నాటి మిలటరీ వాచీ సార్' అని, డయలు మీద 'టి' వున్న వాచీ చూపించాడనుకోండి. వాచీ ఆనాటిదే కావచ్చు, డయలు మాత్రం కాదు. ఎప్పుడో మరమ్మతుకు పోయినప్పుడు కంపెనీవారే కొత్త డయలు వేసి వుండవచ్చు. అందులో మోసమేమీ లేదు. కాని అసలు డయలుకు ఇచ్చే ధర దీనికి ఇవ్వనక్కర్లేదు.

మరొక లెక్క. ట్రిటియం శక్తి 12 సంవత్సరాల చిల్లరకు సగమైపోతుంది. మరో 12 ఏళ్ళకు అందులో సగం. 60 ఏళ్ళు గడిచేసరికి మిగిలేది సుమారు ముప్పయ్యో వంతు. కాబట్టి 1965 నాటి వాచీ అర్ధరాత్రి దాకా దివిటీలా వెలుగుతున్నదంటే సంతోషించకండి. ఎవరో కొత్త మందు పూశారన్నమాట.

ట్రిటియం రాకముందు ఆ పనికి వాడినది రేడియం. మన ఊళ్ళలో చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ, బండి వెనకాల అంటించే కాగితంతో సహా, 'రేడియం' అనే అంటాము. ఆ కాగితంలో రేడియం ఏమీ లేదు. పాత వాచీలో మాత్రం నిజంగానే వుంటుంది. 1920ల ప్రాంతాన అమెరికాలో న్యూజెర్సీ, కనెక్టికట్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో ఆడపిల్లలు ఈ డయళ్ళకు మందు పూసే పని చేసేవారు. సన్నని గీత రావాలని కుంచె మొనను పెదవులతో తడిపి నున్న చేసుకోమని పని నేర్పేవారే చెప్పారు. పళ్ళు రాలి, దవడ ఎముకలు పుచ్చి ఎందరో చనిపోయారు. న్యూజెర్సీలో ఐదుగురు స్త్రీలు కోర్టు కెక్కగా 1928లో కంపెనీ రాజీకి వచ్చి నష్టపరిహారం ఇచ్చింది. తరువాతి కాలంలో కార్మికుల రక్షణ నియమాలకు ఆ వ్యాజ్యం ఒక పునాది అయింది.

ఇది పాత కథ అని తోసెయ్యడానికి లేదు. రేడియం సగం కావడానికి 1600 ఏళ్ళు పడుతుంది. వెలుగునిచ్చే జింకు మందు కొన్నేళ్ళకే చచ్చిపోతుంది గనుక వాచీ చీకట్లో నల్లగా వుంటుంది, లోపలి రేడియం మాత్రం అలాగే వుంటుంది. 1950లకు ముందు తయారై, అంకెల మీద గోధుమరంగు పొడి మందం మందంగా కనబడి, 'టి' గుర్తేదీ లేకపోతే అది రేడియమేనని అనుకోవడం క్షేమం. అలాంటి వాచీ మూత ఇంట్లో విప్పకండి, ఆ పొడిని గోకకండి. అది ఊపిరితో లోపలికి పోవడమే అసలు ప్రమాదం. పిల్లల చేతికి అసలు ఇవ్వకండి.

ఇక మన దేశంలో కొనేవారికి నిత్యం ఎదురయ్యే చిక్కు మరొకటి వుంది: డయలుకు తిరిగి రంగు వెయ్యడం. ఎండకూ చెమటకూ పాడైన డయలును కడిగి, రంగు పూసి, పేరు మళ్ళీ అచ్చు వేసి, కొత్త పెళ్ళికూతురులా చేసి అమ్ముతారు. స్విస్ వాచీలకూ ఈ యోగం పట్టింది, మన హెచ్.ఎం.టి.లకూ పట్టింది. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో తయారైన హెచ్.ఎం.టి. వాచీలను 1961లో నెహ్రూగారు దేశానికి అందించారు. 2016లో ఆ వాచీల విభాగం మూతపడ్డాక వాటి మీద మోజు హెచ్చింది. మోజు హెచ్చిన చోట రంగు డబ్బాలకూ పని హెచ్చుతుంది గదా!

తాళపత్రాలు చదివేవారికి ఒక ఒడుపు తెలుసు. నకలు తీసినవాడు భాష తెలియనివాడైతే ఎక్కడో ఒకచోట అక్షరం తప్పిపోతాడు. డయలు రంగరిది కూడా అదే అవస్థ. భూతద్దంతో చూడండి. కంపెనీ అచ్చులో అక్షరం అంచు గీసినట్టు వుంటుంది; నకలులో సిరా చెదిరి లావుగా వుంటుంది. నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా నిలబడవు. తేదీ కిటికీ అంచులకూ, ముళ్ళు దిగిన రంధ్రం చుట్టూ రంగు పేరుకుంటుంది. స్పెల్లింగు తప్పుతుంది. అన్నిటికన్నా తరచుగా జరిగేది, ఆరు కింది ఆ చీమతలకాయ అక్షరాలను తిరిగి వెయ్యడమే మరిచిపోతారు.

అయితే వింతగా కనిపించినదల్లా నకిలీ కాదు. రోమను అంకెల్లో నాలుగుకు బదులు నాలుగు నిలువు గీతలుంటే అది తప్పు కాదు, గడియారాలవారి పాత సంప్రదాయం. 'స్విస్'కు ఇరుపక్కలా, సున్నకు పైన చిన్న తోక మొలిచినట్టుండే గ్రీకు అక్షరం సిగ్మా కనబడితే, ముళ్ళూ గంటల గుర్తులూ బంగారంతో చేసినవని చెప్పడానికి 1970లలో కొన్ని స్విస్ కంపెనీలు పెట్టుకున్న గుర్తది. కేసు స్టీలే కావచ్చు. బాణం ములికిలాంటి ముద్ర బ్రిటిషు ప్రభుత్వపు సొత్తుకు వేసేది. 'సి.సి.సి.పి.' అని చదువుకునేది నిజానికి రష్యన్ లిపిలో 'ఎస్.ఎస్.ఎస్.ఆర్.', అంటే సోవియట్ యూనియన్. అలాంటి వాచీల మీద రాళ్ళ లెక్క కూడా రష్యన్‌లోనే వుంటుంది. మనం 'పదిహేడు రాళ్ళ వాచీ' అన్నట్టే వాళ్ళూ 'రాళ్ళు' అనే రాస్తారు. ఆ రాళ్ళు, ఏ దేశపు వాచీలో వైనా, కృత్రిమంగా చేసిన కెంపులే. ఇరుసులు అరిగిపోకుండా పెట్టేవి. విడదీసి అమ్మితే వచ్చేదేమీ లేదు.

డయలు అంచున గుండ్రంగా పేర్చిన అంకెల వరస మరొక వింత. వేగం కొలిచే వరస అయితే, కారు ఒక కిలోమీటరు దాటడానికి 45 సెకండ్లు పట్టినప్పుడు ముల్లు 80 దగ్గర ఆగుతుంది: గంటకు 80 కిలోమీటర్లు. డాక్టర్ల వాచీ అయితే నాడి 15 సార్లు కొట్టుకునేదాకా చూసి ముల్లు ఆపితే నిమిషానికి ఎన్నో సరాసరి చెబుతుంది. దూరం కొలిచేది మెరుపుకూ ఉరుముకూ మధ్య వ్యవధిని బట్టి పనిచేస్తుంది. మూడు సెకండ్లకు సుమారు ఒక కిలోమీటరు. ముల్లును నడిపి ఆపడానికి పక్కన మీట లేని వాచీకి ఇలాంటి వరస వుంటే దానితో కొలవడం కష్టం, అది చాలావరకు సోకే. వేగపు వరసలో మోసం పట్టడానికి 3600ను సెకండ్లతో భాగించండి. 15 సెకండ్ల చోట 240, 30 దగ్గర 120, 60 దగ్గర 60 వుండి తీరాలి. రంగరి కంటితో చూసి వేసిన వరసలో ఈ అంకెలు పక్కకు జరిగి దొరికిపోతాయి.

'వాటర్‌ప్రూఫ్' అన్న మాటను మాత్రం నమ్మకండి. పాత కంపెనీలు ధారాళంగా వేసిన మాట అది. లోపలి రబ్బరు ఎండిపోయిన వాచీ చెయ్యి కడుక్కుంటేనే నీళ్ళు తాగుతుంది.

మీ ఇంట్లోనే నాన్నగారిదో తాతగారిదో పసుపెక్కిన డయలు వాచీ వుంటే, మిషను శుభ్రం చేయించి నూనె వేయించండి. రిపేరు కొట్టు కుర్రవాడు 'డయలు కూడా కొత్తగా చేసేస్తా సార్' అంటే ఒప్పుకోకండి. ఆ రంగు కింద పోయేది మళ్ళీ రాదు, వాచీ ధర కూడా దానితోనే పడిపోతుంది. నోటిమాటగా వదిలెయ్యక, అతను ఇచ్చే రసీదు మీదనే 'డయలు ముట్టరాదు' అని రాయించుకుని మరీ వాచీ అప్పగించండి.