ఎయిడ్స్ నివారణము: ఆశా కార్యకర్తల బోధ

క్రొత్త వంగడమును గూర్చి గంటసేపు ఉపన్యసించినను వినువారు నమ్మరు. చేనిలో పండించి చూపినచో తామే వచ్చి విత్తనము నడుగుదురు. వ్యవసాయ ప్రదర్శకుడనై నేను నేర్చిన మొదటి పాఠమిది. ఎయిడ్స్ వ్యాధిని గూర్చి ఊరూర బోధించు ఆశా కార్యకర్తల పనియు నిట్టిదే.

యెల్లారెడ్డి సమీపమున నొక గ్రామములో మక్కజొన్న చేను చూడబోయితిని. కంకు లెండి యున్నవి. విరుచుటకు కూలివాండ్రు రాలేదు, బదులుపనికి వచ్చెడి ఇరుగుపొరుగువారును రాలేదు. పరదేశమున పనిచేసి వచ్చిన ఆ రైతునకు “ఆ జబ్బు” కలదని వదంతి పుట్టినదట. మరునాడు ఆ యూరి ఆశా కార్యకర్త వచ్చి, అందరు చూచుచుండగా అతని యరుగుపై గూర్చుండి, ఆ యింటి చెంబుతోనే నీళ్లు త్రాగినది. “జబ్బున్న మాట నిజమేనా?” యని యొకరు అడుగగా, “పెద్దయ్యా, ఎవరి రోగమును గూర్చియు నేను చెప్పరాదు. ఎవరికైన ఉన్నను, నీళ్లవలన గాని కలిసి పనిచేయుటవలన గాని అంటదు” అనినది. రెండు దినములకు నలుగురు గంపలతో చేనికి వచ్చిరి.

ఆమెకు శిక్షణలో నేర్పిన విషయములు మనమును ఎరుగవలసినవే. హెచ్.ఐ.వి. అను వ్యాధిక్రిమి రక్షణలేని సంభోగమువలనను, పరీక్షింపని రక్తము నెక్కించుటవలనను, ఒకరు వాడిన సూదిని మరియొకరు వాడుటవలనను, తల్లినుండి బిడ్డకును సోకును. దోమకాటువలన గాని, సహపంక్తి భోజనమువలన గాని రాదు. నిరోధ్ వాడుట, క్రొత్త సూది, పరీక్షించిన రక్తము, గర్భిణికి తొలినెలలలోనే పరీక్ష, ఇవి నివారణోపాయములు. చికిత్స లేనియెడల ఈ క్రిమి గల తల్లులకు పుట్టిన బిడ్డలలో నూటికి 15 మొదలు 45 మంది వరకు సోకవచ్చును. తగిన చికిత్స జరిగినచో ఆ సంఖ్య 5కు లోబడును.

మన దేశమున ఈ క్రిమి 1986లో మదరాసున మొదట కనుగొనబడినది. 2004 నుండి ప్రభుత్వము మందుల నుచితముగా నిచ్చుచున్నది. వ్యాధిని సమూలముగా తొలగించు మందు లేదు. అయినను దినదినము తప్పక మందు మ్రింగువారు పొలముపని చేసికొనుచు చిరకాలము జీవింతురు. రక్తపరీక్షలో క్రిమి కానరానంతగా నణగియున్నంతకాలము సంభోగమువలనను ఇతరులకు సోకదు. 2017వ సంవత్సరపు చట్టము ననుసరించి సమ్మతి లేక పరీక్ష చేయుట, రహస్యము వెల్లడించుట, వ్యాధి కలదని పనినుండి తొలగించుట కూడదు.

కామారెడ్డి మీదుగా పోవు 44వ జాతీయ రహదారిపై లారీలు నడుపువారును, గల్ఫునకు పోవువారును మన కుటుంబములలోనివారే. నెలలతరబడి ఇల్లు విడిచి యుండువారికి ఈ బోధ ముందుగా నందవలెను. ఆశా కార్యకర్త స్త్రీ యగుటచే పురుషులు ఆమెయొద్ద ఈ ప్రస్తావన చేయుటకు సిగ్గుపడుదురు. కావున సంఘసభ్యులకు నాదొక మనవి. నెలకొక సాయంకాలము సంఘభవనము నామె కిచ్చి, పురుషులందరు వచ్చి వినుడు. సందేహము గలవారు 1097 సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. వదంతి విని ఒకరి చేనికి పోక మానుట మాత్రము సహకారధర్మము కాదు.